బండగుంటకు తగిన ఎర

మెట్టుగూడ, సికింద్రాబాద్
ఫిబ్రవరి, ఆదివారం ఆరాధన ముగిశాక

విజయేందర్‌కు,

సముద్రాన్ని గోడలా నిలబెట్టినవాడు మీ మానేరు కట్టను, దాని మీద గాలం వేసుకుని కూర్చున్న నిన్ను కాచుగాక.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకు. నాకు ఫోన్ లేదు. క్రిస్మస్ ముందు ప్రసంగంలో, చేతిలో పట్టుకు తిరిగే ఈ చిన్న విగ్రహాన్ని పగలగొట్టే ధైర్యం ఎవరికుందని అడిగాను. ఒక్కరూ లేవలేదు. నాదే తీసి నేలకేసి కొట్టాను. మేబెల్ ఇప్పటికీ దాని గురించి మాట్లాడుతూనే ఉంది. నాతో కాదు, గోడతో.

అసలు సంగతికి వస్తాను. నాకు ఎరలు కావాలి. వానపాములు కాదు. నువ్వు పెట్టెలో సర్దుకుని తిరుగుతావే, రబ్బరు కప్పలు, రేకు చెంచాలు, ల్యూర్లంటావు, అవి. ఏ చేపా కాదనలేని ల్యూర్లు పంపు. చేపను పట్టడానికి కాదు. చేప లేదని రుజువు చేయడానికి.

తిరుమలగిరి అవతల పాత రాతి క్వారీ నీకు తెలుసు. బండగుంట. రాయి తీసి తీసి వదిలేస్తే ఊట నీళ్లు నిండాయి. మా సహవాసం వాళ్లకు బాప్తిస్మాలు అక్కడే ఇస్తాను. గట్టు నుంచి బండలు అరలు అరలుగా దిగుతాయి. మోకాళ్ల లోతు, నడుం లోతు, ఛాతీ లోతు, ఆ తర్వాత ఎవరికీ తెలియదు. నేను నడుం లోతులో నిలబడి ముంచుతాను. మునిగి లేచినవాళ్లు మడమకు ఏదో తగిలిందని చెప్తారు. మెత్తగా, చల్లగా. మొదట బిక్షం చెప్పాడు, తర్వాత రాజ్యమనే ఆమె, తర్వాత దాదాపు అందరూ. దూత దిగి కోనేటి నీళ్లను కదిలించిన సంగతి లేఖనంలో లేదా? కదిలిన నీళ్లలో ముందు దిగినవాడు బాగుపడ్డాడా లేదా? అదే బోధించాను. తాకబడినవాడు అంగీకరింపబడినవాడు! ఏ బైబిలు కాలేజీ నాకు ఇది చెప్పలేదు. రైల్వే షెడ్డులో డ్యూటీ మధ్య నూనె చేతులతో పేజీలు తిప్పి నేనే తవ్వుకున్న ఊట ఇది. నువ్వు పక్కనే కూర్చుని టిఫిన్ తింటూ చూశావు.

మా జెరూషా కొత్త సంవత్సరం ఆదివారం నీళ్లలో దిగింది. లేచింది. గట్టు మీద అందరూ ఒక్క గొంతుతో "తగిలిందా?" అన్నారు. తల అడ్డంగా ఊపింది. సంఘ కాపరి కూతురు, విజయేందర్!

అప్పటి నుంచి ల్యాబులో డ్యూటీ దిగగానే తెల్ల చుడీదార్ వేసుకుని ఆటో ఎక్కి బండగుంటకు పోతుంది. నీళ్లలో నిలబడుతుంది. మొన్నటిదాకా మోకాళ్ల లోతు. ఇప్పుడు నడుం లోతు. ఈత రాదు. "తగిలేదాకా దిగుతా డాడీ" అంటుంది. ఆమె వెతుకులాటకు నేను అడ్డు చెప్పను. యాకోబు దూతతో తెల్లవార్లూ పెనుగులాడలేదా? కాని మేబెల్ తిండి మానేసింది. "అది చేపండీ. పెద్ద కొర్రమీను. మీ దూతకు ఇంకేం పన్లేదా, మడమలు నాకడానికి?" అంటుంది. నోటికి అడ్డూ అదుపూ లేదు. చివరికి కూతురి చేత ఒక మాట తీసుకుంది. అందులో తగిలేది చేపేనని కళ్లకు చూపిస్తే ఇక అడుగు పెట్టనని జెరూషా వాక్యం మీద చెయ్యేసి చెప్పింది.

చూపించడానికి చేప ఉంటే కదా! ల్యూర్లు పంపు. గిద్యోను గొర్రెబొచ్చు పరచి దేవుని మాటను పరీక్షించినట్టు నేనూ పరీక్షిస్తాను. అందరి నోళ్లూ మూతపడతాయి.

నీ
యేసుదాసు

*

కరీంనగర్
ఫిబ్రవరి ఆఖరు

పాస్టరు సాబ్‌కు,

ముందుగా, మేబెల్ వదినకు నా తరఫున దండం. ఆ గోడకు సుత.

నాతో ఒక్కసారి చెరువుకు వచ్చావు. అన్నం డబ్బా నీళ్లలో పడేసి, చేపలకు ప్రసంగం చెప్పి, ఎండకు తలనొప్పని పోయావు. నువ్వు గాలం పడతావంటే మా ఆవిడ పొద్దటి నుంచి నవ్వుతోంది.

సరే, విను. ల్యూర్ కొనేటప్పుడు చేపను కాదు, నీళ్లను చూడాలి. నీళ్లు తేటగా ఉండి ఎండ కాస్తుంటే వెండి చెంచా. అది తిరుగుతుంటే చిన్న చేప పొట్ట మెరిసినట్టుంటుంది. నీళ్లు మురికిగా ఉన్నా, పొద్దు వాలినా, నలుపు. చీకటి పడుతుంటే నలుపెందుకంటావు. చేప కింద నుంచి చూస్తుందయ్యా. ఆకాశం ముందు నల్లటిదే బాగా కనబడుతుంది. నాచు, తామరాకులు ఉన్నచోట రబ్బరు కప్ప. దాని రెండు కొక్కేలూ వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి. చేప నోరు నొక్కితేనే బయటపడతాయి, నాచుకు తగులుకోవు. కప్పను జెర జెర లాగు, ఆపు. నీళ్లు పగిలిన చప్పుడు వినబడగానే గుంజకు. నోట్లోకి తీసుకోనివ్వు, తర్వాత గుంజు.

నల్ల కప్ప ఒకటి, వెండి చెంచా ఒకటి పంపుతున్నాను. గాలం కర్ర, రీలు అక్కడే కొనుక్కో.

ఇంకో మాట. కొర్రమీను గాలి పీల్చే చేప. ఎంత గడుసుదైనా కాసేపటికోసారి పైకి వచ్చి గుటక వేయాల్సిందే. ల్యూర్ వేయకముందు ఒక పొద్దంతా ఊరికే కూర్చుని చూడు. గుటక కనబడితే చేప ఉన్నట్టే.

అయితే ఒకటి గుర్తుపెట్టుకో. ల్యూర్ "ఉంది" అని మాత్రమే చెప్పగలదు. "లేదు" అని చెప్పలేదు. నీకేమో "లేదు" కావాలి. అది నా పెట్టెలో దొరకదు.

పిల్లను మాత్రం బయటికి తీసుకురా. మొక్కేటోళ్లు గట్టు మీద నుంచి సుత మొక్కొచ్చు.

విజయేందర్

*

మెట్టుగూడ
మార్చి

విజయేందర్‌కు,

ఏలీయా పర్వతం మీద నిలబడి బయలు ప్రవక్తలను "ఇంకా గట్టిగా పిలవండి" అని ఎగతాళి చేశాడే, ఆ సంతోషంతో రాస్తున్నాను.

చేప లేదు!

నువ్వు చెప్పినట్టే పొద్దంతా కూర్చున్నాను. ఒక్క గుటక లేదు. తర్వాత వెండి చెంచా వేశాను. మొదటి విసురుకు అది నా చొక్కా చేతికి తగులుకుంది. రెండో విసురుకు బిక్షం టోపీకి. "అన్నా, మనుషులను పట్టే జాలరివని తెలుసు గానీ గిట్లనా?" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత చెయ్యి కుదిరింది. ఎండలో చెంచా, పొద్దు వాలితే నల్ల కప్ప, నాచు మీద, బండ సందుల్లో, వారాల తరబడి. ఒక్క కాటు లేదు. చిన్న చేప పిల్ల కూడా వెంట రాలేదు. అంత నీటిలో ఒక్క కప్ప కూత కూడా లేదని అప్పుడు గమనించాను. జలచరమే లేని నీళ్లలో తగిలేది ఎవరు? నేను చెప్పక్కర్లేదు.

ఆదివారం పల్పిట్ మీద కప్పను, చెంచాను ఎత్తి చూపించాను. "లోకం ఇచ్చిన ఎరలన్నీ వేశాను. ఆ నీళ్లు లోకానివి కావు!" అన్నాను. చప్పట్లు. మా సహవాసానికి వచ్చే ప్రిసిల్లా లేచి ఏడ్చింది. వచ్చే పెంతెకొస్తు పండుగకు తన బాప్తిస్మం ఖాయం చేయమంది. ఇంకా చాలామంది పేర్లిచ్చారు.

ఒక చిన్న సంగతి. నేను కప్పను లాగుతున్నప్పుడు జెరూషా అటువైపు నీళ్లలో ఉంది. "డాడీ, జెర చప్పుడు చేయకు. అది దగ్గరికొచ్చింది" అంది. చూశాను. లోతు వైపు నుంచి బుడగలు వచ్చాయి. నువ్వు చెప్పిన గుటకలా కాదు. ఒకదాని వెనక ఒకటి, గీత గీసినట్టు, ఆమె నిలబడ్డ బండ దాకా వచ్చి ఆగిపోయాయి. ఊట కింద నుంచి గాలి తన్నుకొస్తుందేమో.

ఆ ప్రసంగం తర్వాత సాయంత్రం ఆమె ఛాతీ లోతు బండ మీదికి దిగింది. మేబెల్ ఆమె నడుముకు చీర కట్టి కొస పట్టుకుని కూర్చుంటే, జెరూషా ముడి విప్పి మడతపెట్టి గట్టున పెట్టింది. విశ్వాసం అలాగే ఉంటుంది. పేతురు నీళ్ల మీద నడవడానికి పడవలోంచి దిగినప్పుడు నడుముకు తాడు కట్టుకోలేదు.

పేతురు మునిగాడు కూడా. అది ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.

నీ
యేసుదాసు

*

కరీంనగర్
మార్చి

యేసుదాసూ,

నీకు బుద్ధి ఉందా? నేను ఏం రాశాను, నువ్వు పల్పిట్ మీద ఏం చెప్పావు? కాటు పడలేదంటే చేప లేదని కాదయ్యా, ల్యూర్ తప్పని. అందరి ముందు అరిచి వచ్చావు. నీ అరుపు విని పిల్ల ఇంకో అర కిందికి దిగింది. ఆ చప్పట్లు పట్టుకొచ్చి వదిన ముందు పెట్టు, తింటుందేమో.

నాది సుత తప్పే. నీళ్ల రంగు ఒక్కటే ఆలోచించాను. నీటికి అలవాటు కూడా ఉంటుంది. మా దగ్గర చెరువు నీళ్లు పొర్లే మత్తడి కింద కొంగలు వాలేచోట చేపలు తెలుపు చూస్తే పారిపోతాయి. బతుకమ్మలు వదిలేచోట పసుపు చూస్తే వస్తాయి. అంటే, అవి చూసిందే నేర్చుకుంటాయి. నీ గుంటలోకి ఇన్నేళ్లుగా దిగుతున్నది ఏందీ? తెల్ల బట్టలు. అంగీలు, చీరలు, చుడీదార్లు, అన్నీ తెలుపే. అందులో ఉన్నది ఏదైనా సరే, తెలుపుకు అలవాటు పడింది. సాయంత్రం పూట తెల్ల ల్యూర్ వేయమని ఏ గాలంవాడూ చెప్పడు. నేను చెప్తున్నాను.

తెల్ల కప్పను పంపుతున్నాను. అంగట్లో దొరకలేదు, ఆకుపచ్చ కప్పకు నేనే రంగు వేశాను. కాళ్లకు రబ్బరు పోగులు కూడా తెల్లవే కట్టాను. కదలకుండా వదిలినా అవి అల్లాడుతుంటాయి, అంగీ అంచుల్లాగ. లాగకు. వేసి ఊరుకో.

పడిందా, చేప. వదిన గెలిచింది. పిల్ల ఇంటికొస్తుంది. నీ బోధ సంగతి తర్వాత నువ్వూ నీ దేవుడూ చూసుకోండి.

విజయేందర్

*

మెట్టుగూడ
శుభ శుక్రవారం మరుసటి రోజు

విజయేందర్,

ఈసారి దీవెనతో మొదలుపెట్టలేకపోతున్నాను. మన్నించు.

తెల్ల కప్పను నిన్న సాయంత్రం వేశాను. మేబెల్, నేను, నీళ్లలో జెరూషా, అంతే. గాలి లేదు. కప్ప నీటి మీద కూర్చుంది, పోగులు అల్లాడుతున్నాయి. నీళ్లు పగిలిన చప్పుడు రాలేదు. కప్ప కిందికి పోయింది. గుంజినట్టు కాదు. చంటిబిడ్డ చేతిలోంచి తల్లి వస్తువు తీసుకున్నంత నెమ్మదిగా. నా చేతిలో దారం బిగిసింది. నేను లాగలేదు, అదీ లాగలేదు. ఇద్దరం పట్టుకుని ఉన్నాం. ఎంతసేపో చెప్పలేను. షెడ్డులో ఇంజన్ ఆగి ఉన్నప్పుడు దాని మీద చెయ్యి వేస్తే లోపల అదురు తెలుస్తుందే, అలా దారం వెంట వచ్చింది.

తర్వాత వదిలేసింది. కప్ప పైకి తేలి నా కాళ్ల దగ్గరికి వచ్చింది. నేను రీలు తిప్పలేదు విజయేందర్. తనంతట తానే వచ్చింది.

రెండు కొక్కేల మొనలూ వంచి, దాని వీపులోకి మడిచి ఉన్నాయి. నా చేతుల బలం నీకు తెలుసు. పటకారు లేకుండా వాటిని నేను అలా మడవలేను. ఎవరికీ గుచ్చుకోకూడదని ఎవరో జాగ్రత్త పడ్డట్టు ఉంది.

మేబెల్ "చూశావా, చేపే!" అని అరిచింది. జెరూషా ఇటు తిరిగింది. నవ్వుతోంది. "ఏదీ, చూపించు మమ్మీ" అంది. చూపించడానికి మా దగ్గర మడిచిన కొక్కేలు తప్ప ఏముంది?

కప్పను ఈ ఉత్తరంతో పార్సిల్ చేస్తున్నాను. నువ్వు కొన్ని వేల కాట్లు చూసినవాడివి. చూసి, అది చేపేనని రాయి. నీ సంతకంతో రాయి. నేను పల్పిట్ మీద చదువుతాను. నా బోధ పోతే పోనీ. యోనాను మింగింది చేపే కదా, చేప అయితే కక్కుతుంది. చేపేనని రాయి.

యేసుదాసు

*

కరీంనగర్
ఏప్రిల్

యేసుదాసూ,

కప్ప అందింది. భూతద్దం పెట్టి చూశాను.

కొర్రమీను పళ్లు గుండుసూదుల్లా ఉంటాయి. రబ్బరు మీద గుచ్చుళ్లు పడాలి, రంగు చిట్లిపోవాలి. ఒక్క గుచ్చు లేదు. రంగు మీద నొక్కులు ఉన్నాయి. పైన పక్కపక్కనే నాలుగు. కింద ఒకటి, కొంచెం పెద్దది. నేను నా వేళ్లు వాటి మీద పెట్టి చూశాను. సరిపోలేదు. నావి పొట్టి.

నేనేం రాయను చెప్పు? చేపేనని రాస్తే అబద్ధం. నీకు అబద్ధం రాయలేను. కానీ నీతో ఆడించగలను.

పిల్ల అన్న మాట ఏంటి? చేపను కళ్లకు చూపిస్తే మానేస్తానంది. ఆ గుంటలోంచే పుట్టిన చేప కావాలని అనలేదు కదా. ఇక్కడ నీటి డ్రమ్ములో పెద్ద కొర్రమీనును బతికించి ఉంచాను. ఆదివారం తెల్లవారి ట్రాలీ ఆటోలో తీసుకొస్తాను. నీకు పంపినలాంటి నల్ల కప్ప ముందే దాని నోట్లో ఉంటుంది. దారం పొట్టిగా చేసి మోకాలి లోతు బండ కింద కట్టేద్దాం. ఆరాధన అయ్యాక అందరినీ తీసుకురా. వంగి కట్టు విప్పి నీ గాలానికి తగిలించుకో, ఉత్తగా విసిరినట్టు చేసి రీలు తిప్పు. బయటికి చేప వస్తుంది. ఎవరికీ తెల్వదు.

నువ్వు ఎన్నడూ అబద్ధం ఆడలేదని తెలుసు. అందుకే నిన్ను నమ్ముతారు.

ఆ తెల్ల కప్పను నేను ఇంట్లో పెట్టలేదు.

విజయేందర్

*

మెట్టుగూడ
ఏప్రిల్

విజయేందర్,

సాతానా, నా వెనుకకు పో! ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా? అననీయ, సప్పీరా ఒక్క అబద్ధానికి అపొస్తలుల కాళ్ల దగ్గర కూలి చచ్చారు. ఫరో మాంత్రికులు కర్రలను పాములు చేసినట్టు నేను డ్రమ్ములో చేపను తెచ్చి సూచక క్రియ చేయాలా? ఈ నోటితో ముప్పై ఏళ్లు నిజం చెప్పాను. పై అధికారి ముందు చెప్పాను, పోలీసు ముందు చెప్పాను, చావు ఇంట్లో కూడా చెప్పాను. ఈ నోరు నాది కాదు, ఇచ్చినవాడిది. నా కూతురు కోసం కూడా దాన్ని అమ్మను. అబ్రాహాము కొడుకు మీద కత్తి ఎత్తలేదా? ఎత్తినప్పుడే కదా కొడుకుకు బదులు పొట్టేలు కనబడింది. నాకూ పొట్టేలు కనబడుతుంది. నీ చేప నువ్వే వండుకుని తిను.

ఈ ఉత్తరం నిన్న పోస్టు చేయలేదు. ఇవాళ దీని కిందే రాస్తున్నాను.

సాయంత్రం ఆమె మెడ దాకా దిగింది. జడ విప్పుకుంది. జుట్టు నీటి మీద చుట్టూ పరుచుకుంది, ముఖం మాత్రం మధ్యలో ఉంది. పిలిచాను. పలకలేదు. నేను పిలిస్తే ఆ పిల్ల పలకకపోవడం పుట్టిన తర్వాత ఇదే మొదలు. మేబెల్ నా కాళ్లు పట్టుకుంది. నేను పొట్టేలు కోసం చుట్టూ చూశాను విజయేందర్. బండలు ఉన్నాయి.

ఆదివారం డ్రమ్ము తీసుకురా.

యేసుదాసు

*

మెట్టుగూడ
మే

విజయేందర్ అంకుల్‌కు,

నేను జెరూషాను. ఈ ఉత్తరం డాడీకి తెలియకుండా రాస్తున్నాను. మీ అడ్రస్ మమ్మీ ఇచ్చింది. ఫోన్ చేయొచ్చు, కానీ మాట్లాడితే ఏడుస్తాను, చెప్పాల్సింది చెప్పలేను.

ఆ ఆదివారం పొద్దున మీరిద్దరూ డ్రమ్ము దింపుతుంటే నేను చూశాను. ఆ వారం పొద్దున కూడా వెళ్తున్నాను కాబట్టి బండ వెనక ఉన్నాను. మీరు జారి "అరె, పట్టుకోవయ్యా పాస్టరూ, ఇది నీ కానుకల పెట్టె కాదు" అన్నారు. డాడీ నవ్వలేదు. దారం కట్టేటప్పుడు ఆయన వేసిన ముడి రెండుసార్లు ఊడింది, మీరే కట్టారు. కాబట్టి నాకు తెలుసు. ఆ చేప మీ మానేరుది.

సాయంత్రం అందరూ వచ్చారు. నేను మెడ లోతులో ఉన్నాను. నాకు తగలలేదని అందరూ అనుకున్నారు కదా. అది శుభ శుక్రవారం వరకే నిజం అంకుల్. డాడీ తెల్ల కప్ప వేసిన సాయంత్రం, కప్పను వదిలేశాక, అది నా దగ్గరికి వచ్చింది. మడమ చుట్టూ పట్టుకుంది. నొప్పి లేదు. మెత్తగా, చల్లగా, వదలకుండా. చెప్తే అందరూ సంతోషపడి ఇక బయటికి రమ్మనేవాళ్లు. నాకు రావాలనిపించలేదు. అందుకే చెప్పలేదు. ప్రతి రోజూ ఇంకొంచెం కిందికి అంటున్నట్టు ఉండేది. మాట వినబడదు, కానీ తెలుస్తుంది. ఆ ఆదివారం నేను ఇంటికి రావాలని వెళ్లలేదు.

డాడీ గాలం విసిరారు. రీలు తిప్పారు. చేప ఎగిరింది, ప్రిసిల్లా ఆంటీ కేక పెట్టింది, బిక్షం అంకుల్ "అమ్మో, ఏం కొర్రమట్టరా నాయనా!" అన్నారు. డాడీ దాన్ని గట్టు మీదికి లాగి నిలబడి చెప్పారు. "చూడండి. చేప. ఇన్నేళ్లు నేను దూత అన్నది దీన్నే. నేను తప్పు బోధించాను. ఈ నీళ్లలో ఇంకేమీ లేదు." ప్రసంగం చెప్పేటప్పుడు ఆయన కుడి చెయ్యి పైకి లేస్తుంది, మీకు తెలుసు. ఆ రోజు రెండు చేతులూ కిందికే ఉన్నాయి. అందరికీ చెప్తున్నారు, కానీ నన్నే చూస్తున్నారు.

అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలియదని ఆయన అనుకుంటున్నారు. ఒక్క మాట తప్పు పలికితే రాత్రంతా మోకాళ్ల మీద ఉండే మనిషి. అప్పుడు నాకు ఇంటికి రావాలనిపించింది అంకుల్. చాలా రోజుల తర్వాత ఆకలేసింది, మమ్మీ కనబడింది, చలి తెలిసింది.

కాలు ఎత్తాను. వదల్లేదు.

ఇంకా గట్టిగా పట్టుకుంది. నేను అరవలేదు, నోట్లోకి నీళ్లు వచ్చాయి. మీరంతా చేప చుట్టూ ఉన్నారు. డాడీ ఒక్కరే నన్ను చూస్తున్నారు. గాలం కర్ర పడేసి, ఆరాధనకు వేసుకున్న తెల్ల చొక్కాతోనే దిగారు. ఆయనకూ ఈత రాదు. మోకాళ్ల లోతు, నడుం లోతు, ఛాతీ లోతు. ఇన్నేళ్లు నడుం లోతులో నిలబడి అందరినీ ముంచారు కదా, ఆయనను అది ఒక్కసారి కూడా ముట్టలేదు. ఎప్పుడో అడిగితే మమ్మీ చెప్పింది. అంతకంటే కిందికి ఆయన ఎప్పుడూ దిగలేదు. దిగాల్సిన పని పడలేదు.

నా చెయ్యి పట్టుకున్నారు. ఆ క్షణమే నా కాలు వదిలింది. తన కాలికి ఏదో తగిలినట్టు డాడీ ముఖం మారింది. కింద చూడలేదు, నన్నే చూశారు. "పద అమ్మా, చలిగా ఉంది" అన్నారు. గట్టు మీద మీరు "చేప చూసి పిల్ల బయటికొచ్చింది!" అని చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్లూ అది నా కోసం వచ్చిందనుకున్నాను. కాదు. ఆయనకు డబ్బు ఎరగా వేసినా, పేరు ఎరగా వేసినా ఆ లోతుకు దిగేవారు కాదు. ఏది వేస్తే దిగుతారో దానికి తెలుసు.

ప్రిసిల్లా ఆంటీ ఇంట్లో ఆ చేప పులుసు చేశారు. డాడీ తినలేదు. మరుసటి ఆదివారం ప్రసంగం చెప్పలేదు. ఇప్పుడు సాయంత్రం కాగానే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని బండగుంటకు వెళ్తున్నారు. మమ్మీ ఏడిస్తే సహవాసం వాళ్లు ఓదార్చడానికి వస్తున్నారు. "పాస్టరు గారికి మనసు బాగాలేదక్కా, నీళ్లలో కూర్చుంటే చల్లబడుతుంది, అందులో ఇంకేముంది భయపడటానికి" అంటున్నారు. పిల్లలను కూడా ఈతకు పంపుతున్నారు. అందులో ఇంకా ఉంది అని నేనంటే నవ్వుతారు. కాపరే లేదన్నాడు, చేపను అందరూ తిన్నారు. నేను లాగితే డాడీ రారు. అందరూ వస్తేనే వస్తారు, అందరూ రావాలంటే డ్రమ్ము సంగతి తెలియాలి.

మీరు రండి అంకుల్. గాలం తేవద్దు. ఆదివారం అందరి ముందు నిలబడి, ఆ చేపను నేనే తెచ్చానని మీ నోటితో చెప్పండి. డాడీ పేరు పోతుంది. పోనివ్వండి. మనిషి ఉంటే చాలు. ఈ ఆదివారమే రండి, వచ్చే ఆదివారం దాకా ఆగొద్దు.

నిన్న నేనూ మమ్మీ వెళ్లాం. ఆయన ఛాతీ లోతు బండ మీద ఉన్నారు, మాకు వీపు చేసి. "డాడీ, బయటికి రా" అన్నాను. తిరిగారు. కళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. ఇంట్లో చిన్నప్పుడు నాకు చీకటంటే భయమేస్తే దీపం వేసి మంచం కింద చూపించేవారు, ఆ గొంతుతోనే అన్నారు.

"ఇందులో ఇంకేముందమ్మా? చేపను పట్టేశాం కదా."

అని ఇంకో అర కిందికి దిగారు.

జెరూషా